తొమ్మిదో మెట్టు

నీటిమట్టం గది,
జూన్ 11, మంగళవారం

ఒసేయ్ పిచ్చుకా,

నీ పెట్టె వచ్చింది. బిగించడానికి వచ్చిన టెక్నీషియను రెండు రోజులు నా కుర్చీలో కూర్చుని, నా టీపొడి అంతా అవగొట్టి, పోతూ పోతూ "ఇంక మీరు కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు సార్" అన్నాడు. ఇరవై ఏడేళ్ళుగా ఈ ఏటి గేట్లు ఎత్తుతూ దించుతూ లస్కరుగా చేస్తున్నవాడితో అనాల్సిన మాటేనా అది? నీ మొహం చూసి ఊరుకున్నాను.

స్క్రీను మాత్రం బాగుంది. నేను అడిగినట్టే అంకెలు గోడ గడియారమంత పెట్టావు. కుర్చీలోంచి లేవకుండానే కనిపిస్తున్నాయి.

నువ్వీ ప్రోగ్రాం రాసిన భాష పేరు రస్ట్ అట కదా? టెక్నీషియను చెప్పాడు. తుప్పు అనే కదటే దానర్థం? ఏటేటా ఈ గేట్లకి తుప్పు గీకించలేక నేను చస్తుంటే, నా మేనకోడలు తుప్పుతోనే ప్రోగ్రాం రాసి పంపింది! మీ అమ్మతో చెప్పు, మా అక్క కడుపు పట్టుకుని నవ్వుతుంది.

ఇంజనీరుగారి ఆర్డరు ఇదీ. ఈ మూడు నెలలూ పగలు మూడు గంటలకోసారి నేను నీళ్ళలో పాతిన కొలబద్ద చూసి మట్టం పుస్తకంలో రాయాలి. నీ పెట్టె లెక్క నీ పెట్టెది. రెండూ సరిపోతే వచ్చే ఏడాది నుంచి పుస్తకం ఉండదు, యంత్రం ఒక్కటే. నీళ్ళు ఏడు మీటర్లు తాకగానే సైరను దానంతటదే మోగుతుంది. పాత చేతి సైరను మూలన గోనెపట్టా కప్పుకుని పడుకుంది.

ఆ సైరను ఎవరి కోసమో నీకు కొత్తగా చెప్పాలా? కట్ట కింద, ఏటి వైపున, పల్లపు వీధిలో నలభై ఇళ్ళు. చివరిది మాది. మీ అత్త కుట్టుమిషను ముందు కూర్చుందంటే పక్కన పిడుగు పడ్డా వినిపించుకోదు, సైరను ఒక్కటే వినిపిస్తుంది. ఏడు మీటర్లు దాటాక ఏరు వీధిలోకి వస్తుంది, అందుకే అది మోగాక అరగంటలో అందరూ కట్టెక్కాలి. ఆలస్యమైతే ఎక్కడానికి దారి ఉండదు.

నన్నడిగితే ఈ రాతి మెట్లే అసలు కొలబద్ద. మెట్టుకి ఇరవై సెంటీమీటర్లు. పై నుంచి తొమ్మిదో మెట్టు తడిస్తే ఏడు మీటర్లు. ఇప్పుడు నీళ్ళు ఇరవై ఒకటో మెట్టు దగ్గరున్నాయి. కళ్ళు మూసుకుని దిగమన్నా దిగి చెబుతాను.

ఇక్కడ ఫోను పలకదు. వైర్‌లెస్ సెట్‌లో అంకెలు తప్ప సొంత మాటలు మాట్లాడకూడదు. జీపు మంగళ, శుక్రవారాలే వస్తుంది. కాబట్టి ఉత్తరాలే దిక్కు. పుస్తకం నకలు, నీ పెట్టె లెక్క ఉన్న పెన్‌డ్రైవు జీపులో పంపిస్తుంటాను.

ఇట్లు,
కాళ్ళు చాపుకున్న మామయ్య


ఆఫీసు, మూడో అంతస్తు,
జూన్ 17

మామయ్యకి,

నీ ఉత్తరం చదివి అమ్మ నిజంగానే కడుపు పట్టుకుంది. తుప్పు మాట ఆఫీసులో కూడా చెప్పాను. ఇప్పుడందరూ నన్ను "తుప్పమ్మా" అని పిలుస్తున్నారు. నీకు పుణ్యం ఉంటుంది.

కానీ ఆ భాషకి ఉన్నంత చాదస్తం ఇంకే భాషకీ లేదు మామయ్యా. ఒకరి చేతిలో ఉన్న వస్తువు ఇంకొకరు ముట్టుకుంటే ఒప్పుకోదు. ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎప్పుడు తిరిగిచ్చారు అని నిలదీస్తుంది. పది తిట్లు తింటే గానీ ప్రోగ్రాం ముందుకు కదలదు. అందుకే అది ఒప్పుకుందంటే నాకు ధైర్యం.

ఆ పెట్టె ఏం చేస్తుందో చెప్పమని టెక్నీషియన్ని అడిగితే నసిగాడన్నావట, అత్త అమ్మకి రాసింది. నేను చెబుతాను విను. నీళ్ళ దగ్గరున్న సెన్సారు పది సెకన్లకోసారి ఒక వాక్యం చెబుతుంది, మట్టం ఇంత అని. అది పెట్టెకి వచ్చే దారి పేరు సీరియల్ పోర్టు, సన్నటి తీగ అనుకో. దాని మీద వాక్యమంతా ఒక్కసారి రాదు, అక్షరం వెనక అక్షరం వస్తుంది. "వస్తున్నా, సిద్ధమా?" అని అటువైపు వాడు అడగడు. తన ఇష్టం వచ్చినప్పుడు చెబుతాడు. అలాగని వాక్యం కోసం నా ప్రోగ్రాం నోరు తెరుచుకుని కూర్చోకూడదు. దానికి స్క్రీను చూసుకోవాలి, సైరను చూసుకోవాలి. అందుకని పాలు పొయ్యి మీద పెట్టి, ఒక చెవి అటు పడేసి, బట్టలు మడత పెట్టుకునే మనిషిలా రాశాను. దాన్ని మేం ఎసింక్ అంటాం. పది సెకన్ల గడువులో వాక్యం పూర్తి కాకపోతే వదిలేసి మళ్ళీ కొత్తగా వినడం మొదలుపెడుతుంది.

నెల రోజులు పరీక్షించాకే పంపాం. భయం లేదు. అయినా నాకెందుకో దడగానే ఉంటోంది. మొదటిసారి నేను రాసింది మనుషుల మీద పనిచేస్తోంది, అందులోనూ మన మనుషుల మీద. పుస్తకం, పెట్టె సరిపోయాయని నువ్వు రాసేదాకా నాకు అన్నం సహించదు.

నీ పిచ్చుక


నీటిమట్టం గది,
జూలై 4

ఒసేయ్ పిచ్చుకా,

ఇంక అన్నం తిను. మూడు వారాల పుస్తకం నకలు జత చేశాను. నీ పెట్టెకీ నా పుస్తకానికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఇంజనీరుగారు వైర్‌లెస్‌లో "శెభాష్" అన్నారు. అంకెలు తప్ప మాట్లాడకూడదన్న రూలు ఆయనకి వర్తించదు కాబోలు.

వానలు మొదలయ్యాయి. మొన్న ఒకటో తారీఖున కుండపోత. మధ్యాహ్నం కాస్త తెరిపిచ్చిందని పదిహేనో మెట్టు మీద, నేనెప్పుడూ కూర్చునే చోట కూర్చున్నాను. చెప్పులు పక్కన విడిచాను. లేచేసరికి ఒక చెప్పు లేదు! నీళ్ళు మెట్టెక్కి చెప్పు పట్టుకుపోయాయి. రెండోదైనా ఎందుకని దాన్నీ విసిరేశాను. ఆ రెంటికీ కాపురం కలవాలని రాసిపెట్టి ఉంటే కలుస్తాయి. ఆ రాత్రి వట్టికాళ్ళతో ఇంటికెళితే మీ అత్త వాయించింది.

నీ ఉత్తరంలో అక్షరాలు చీమల బారులా ఉన్నాయే. ఇక్కడ లైటు సరిగ్గా లేదు. ఈసారి కాస్త పెద్దగా రాయి.

మామయ్య


ఆఫీసు, మూడో అంతస్తు,
జూలై 9

మామయ్యా,

అక్షరాలు పెద్దగా రాస్తున్నాను, చాలా?

పుస్తకం నకలు చూసి మొదట ఎగిరి గంతేశాను. ఒక్క అంకె తేడా లేదు. సీనియరుకి చూపించాను, ఆవిడ భుజం తట్టింది. సంతోషంగా ఇంటికొచ్చి నీ ఉత్తరం మళ్ళీ చదివాను, ఆ చెప్పు సంగతి కోసం. చదువుతూ చదువుతూ ఆగిపోయాను.

ఒకటో తారీఖు పొద్దున్న తొమ్మిది నుంచి పంతొమ్మిది గంటలు నా పెట్టె 4.62 దగ్గరే నిలబడిపోయింది. ఒక్క సెంటీమీటరు కదల్లేదు. నీ పుస్తకంలోనూ తొమ్మిదింటికి 4.62, పన్నెండింటికి 4.62, మూడింటికి 4.62, ఆరింటికి 4.62.

కానీ నీ చెప్పు పదిహేనో మెట్టు మీద నుంచి పోయింది. తొమ్మిదో మెట్టు ఏడు మీటర్లైతే పదిహేనోది ఐదు మీటర్ల ఎనభై. నేను నాలుగుసార్లు లెక్క వేశాను. మామయ్యా, ఆ రోజు కొలబద్ద చూసే రాశావా? వానలో దిగలేక స్క్రీను చూసి రాసి ఉంటే ఫరవాలేదు, నాకొక్కదానికి చెప్పు చాలు.

పిచ్చుక


నీటిమట్టం గది,
జూలై 16

అమ్మాయీ,

ఇరవై ఏడేళ్ళ సర్వీసులో నా పుస్తకం మీద ఎవరూ వేలు పెట్టలేదు. మూడో అంతస్తులో ఫ్యాను కింద కూర్చున్నదానివి నువ్వు పెట్టావు. సంతోషం.

అల కొడితే చెప్పు పోదా? గాలికి నీళ్ళు ఎగిరిపడవా? ఆ మాత్రం దానికి పంచనామా చేస్తావా? పెట్టె నువ్వు రాసిందే, పుస్తకం నేను రాసిందే, రెండూ ఒకటే మాట చెబుతున్నాయి. అందరికీ సంతోషంగా ఉంది. నీకొక్కదానికే ఏడుపు. మీ అమ్మ కూడా చిన్నప్పుడు ఇంతే, పరీక్ష పాసయ్యాక ఏడ్చేది.

నీ పని నువ్వు చూసుకో. వచ్చేవారం పెద్ద వాన అంటున్నారు, నాకు బోలెడు పనుంది.

మామయ్య


ఇల్లు,
జూలై 20

మామయ్యా,

తిట్టు, పడతాను. కానీ ఇది చివరిదాకా చదువు. ఎవరి చేతా చదివించుకోకుండా నువ్వే చదవాలని బొటనవేలంత అక్షరాలతో రాస్తున్నాను. పదకొండు కాగితాలయ్యాయి.

ముందు నా తప్పు. నెల రోజులు పరీక్షించామని నీకు రాశాను, ఆఫీసు కాగితం మీద సంతకం కూడా పెట్టాను. నాలుగు రోజులే పరీక్షించాను. అదీ నీ సెన్సారుతో కాదు. నా లాప్‌టాపే సెన్సారులా మాట్లాడింది, బల్ల మీద మూరెడు తీగ మీద. వాక్యమంతా ఒక్క ఊపులో వచ్చేది. గడువు తీరేదాకా ఎప్పుడూ ఆగలేదు. ఇవ్వాల్సిన తారీఖు ముంచుకొచ్చింది, సంతకం పెట్టేశాను.

నీ ఉత్తరం వచ్చాక స్టోర్సులోంచి అలాంటి సెన్సారే తెచ్చి ఐసు పక్కన పెట్టి చూశాను. ఎండగా ఉన్నప్పుడు దాని లోపలి గడియారం చురుగ్గా నడిచి, పది సెకన్లు నిండకముందే వాక్యం అయిపోతోంది. చల్లబడితే రవ్వంత వెనకబడుతోంది. చివరి అక్షరం రాబోయే ముందే నా గడువు తీరుతోంది. గడువు తీరగానే నా ప్రోగ్రాం అప్పటిదాకా విన్న అక్షరాలన్నీ పారేస్తోంది! వెనకాలే మిగిలిన తోక ముక్క వస్తే అర్థంకాక అదీ పారేస్తోంది. అక్కణ్ణుంచి మళ్ళీ పది సెకన్లు, మళ్ళీ అదే కథ. చలి తగ్గేదాకా ఒక్క వాక్యం కూడా పూర్తిగా వినదు. ఆ చాదస్తపు భాష ఒక్క మాట అనలేదు. ఎవరి చేతిలో ఏముందని చూస్తుంది గానీ, ఎవరేం పారేశారో దానికి పట్టదు. అది నేను చూసుకోవాల్సింది.

ఇంకోటుంది. ముక్క వాక్యం వచ్చినప్పుడు స్క్రీను మీద గీతలు చూపించేలా మొదట రాశాను. డెమో రోజున ఇంజనీరుగారు ఆ గీతలు చూసి, ఇదేంటమ్మా చెడిపోయినట్టుందని చిరాకు పడ్డారు. పాత అంకెనే ఉంచేలా మార్చాను. అంటే మామయ్యా, ఎండలో పనిచేసి వానలో చచ్చిపోయేదాన్ని, చచ్చిపోయినట్టు తెలియకుండా రాసి పంపాను. స్క్రీను నిలిచిపోతే సైరను కూడా మోగదు.

సరిచేశాను. పంపుతానంటే ఇంజనీరుగారు ఒప్పుకోవడం లేదు. "సీజను మధ్యలో ముట్టుకోవద్దు. పుస్తకంతో సరిపోతోంది కదమ్మా, ఊరికే భయపడతావు" అంటున్నారు.

పుస్తకం నువ్వు స్క్రీను చూసి రాశావు. పుస్తకం చూసి నేను స్క్రీను కరెక్టనుకున్నాను. మనిద్దరం ఒకరి భుజం మీద ఒకరం వాలి నిద్రపోయాం.

నీకు కొలబద్ద కనిపించడం లేదు కదూ? గోడ గడియారమంత అంకెలు అడిగినప్పుడే నాకు తట్టాల్సింది. నీ ఉత్తరాల్లో ఒక వరస మీదికి ఇంకో వరస ఎక్కుతోంది. నాకు చదవడం నేర్పిన చేతిరాత అది, నేను పోల్చుకోలేనా?

నీ అనుమతి లేకుండా ఎవరికీ చెప్పను. చెబితే నిన్ను గేట్ల మీద ఉంచరని నాకు తెలుసు. నువ్వే ఇంజనీరుగారికి చెప్పు. చెప్పలేకపోతే ఒక్కటి చెయ్యి. స్క్రీను మీద గుడ్డ కప్పెయ్. మెట్లు దిగి లెక్కపెట్టు. తొమ్మిదో మెట్టు తడిస్తే చేతి సైరను తిప్పు. అత్త ఆ వీధిలోనే ఉంది మామయ్యా.

నీ పిచ్చుక


ఆఫీసు, మూడో అంతస్తు,
జూలై 24, మధ్యాహ్నం మూడు గంటలు

మామయ్యా,

నిన్న జీపు రాలేదట. రోడ్డు తెగిపోయిందట. నా ఉత్తరం డివిజన్ ఆఫీసు సంచిలోనే ఉందట. అన్నీ "ట"లే, ఎవరినడిగినా ఖాయంగా చెప్పేవాళ్ళు లేరు.

పొద్దున్న ఇంజనీరుగారికి ఫోన్ చేశాను. మీ దగ్గర వాన ఎలా ఉందంటే, ఆకాశం చిల్లుపడ్డట్టుందన్నారు. మట్టం ఎంతంటే 5.14 అన్నారు. రెండు గంటలాగి చేశాను, 5.14. మళ్ళీ చేశాను, 5.14. "సార్, అది నిలిచిపోయింది సార్" అన్నాను. "పుస్తకంలో కూడా 5.14 అనే చెబుతున్నాడమ్మా మీ మామయ్య" అన్నారు.

ఫోన్ పెట్టేసి ఆఫీసు మెట్ల దగ్గర కూర్చున్నాను. నీకు మాటిచ్చాను, చెప్పనని. మాటిచ్చిన ఉత్తరం నీకు చేరనే లేదు. నీ డ్యూటీ చొక్కా గుర్తొచ్చింది, ఆదివారం కూడా నువ్వే ఇస్త్రీ చేసుకునేవాడివి. అత్త మిషను కుట్టుకునే కిటికీ గుర్తొచ్చింది. ఏడుపొచ్చింది. రెండూ పది నిమిషాలకి మళ్ళీ ఫోన్ చేసి చెప్పేశాను. "మా మామయ్యకి కళ్ళు కనిపించడం లేదు సార్. ఆయన స్క్రీను చూసి చెబుతున్నారు. ఆ పుస్తకం కూడా నా ప్రోగ్రామే సార్" అన్నాను.

ఆయన ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడైంది. వైర్‌లెస్ గరగర వినిపించింది. అంతలో లైను తెగిపోయింది. అప్పటినుంచి ఎంత చేసినా కలవడం లేదు.

చెయ్యడానికి ఇంకేం లేక ఇది రాస్తున్నాను. నన్ను క్షమించనక్కర్లేదు. మీరిద్దరూ ఉన్నారని ఒక్క ముక్క రాయండి చాలు.

పిచ్చుక


స్కూలు భవనం, కట్ట పైన,
ఆగస్టు 6

ప్రోగ్రామరు గారికి,

మీరు రాసిన రెండు ఉత్తరాలూ ఒకేసారి అందినవి. జూలై 24న పల్లపు వీధిలో నీళ్ళు కిటికీల ఎత్తుకు వచ్చినవి. మనుషులందరూ క్షేమం. నన్ను గేట్ల డ్యూటీ నుంచి తప్పించి, కంటి పరీక్షకు వెళ్ళమని ఆర్డరు ఇచ్చినారు. మీ పని మీరు చేసినారు. ఇక ఉత్తరాలు రాయవలసిన అవసరం లేదు.

ఇట్లు,
మాజీ లస్కరు

పైది ఆయన చెబుతుంటే రాశాను. ఇది మీ అత్తని, నా సొంతం. ఆయనకెలాగూ కనిపించదు కాబట్టి పక్కన కూర్చునే ధైర్యంగా రాస్తున్నాను. "ఇంకా ఏం రాస్తున్నావే, నేను చెప్పింది నాలుగు ముక్కలేగా" అంటున్నారు. చిరునామా రాస్తున్నానన్నాను.

ఆ రోజు రెండూ ఇరవైకి సైరను మోగింది. నేను కాలరు కుడుతున్నాను. మోగడం మొదలయ్యాక ఆగలేదమ్మా. ఆయన రెండు చేతులూ బొబ్బలెక్కి ఇప్పటికీ చెంచా పట్టుకోలేకపోతున్నారు. మిషను తల భాగం ఒక్కటి విప్పుకుని కట్టెక్కాను. ఎదురింటి ముసలమ్మని కుర్చీతో సహా మోసుకొచ్చారు. ఆఖరివాళ్ళు ఎక్కేసరికి మూడైంది. మూడుంపావుకి నీళ్ళు వీధిలోకొచ్చాయి. మూడున్నరకి మా గుమ్మం కనిపించలేదు.

ఆయనకి కళ్ళు మసకేసి రెండేళ్ళు. నాకు తెలుసు. తెలిసీ నోరు మూసుకున్నాను, గేట్లు లేకపోతే ఈ మనిషి ఏమైపోతాడోనని. కాబట్టి నిన్నొక్కదాన్నే తిట్టుకోకు. పలకడం లేదని బెంగపెట్టుకోకు. నాతోనూ పలకడం లేదు, ఉత్తరం రాయమనడానికి తప్ప.


ఆఫీసు, రెండో అంతస్తు,
ఆగస్టు 14

మామయ్యకి, అత్తకి,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. అత్తా, నువ్వే చదివి వినిపించు. చెవులు మూసుకుంటే ఇంకాస్త గట్టిగా చదువు.

నాలుగు రోజుల పరీక్షని నెల అని రాసిన సంగతి ఆఫీసులో కాగితం మీద పెట్టాను. నన్ను ఆ పని నుంచి తీసేస్తారనుకున్నాను. కింద అంతస్తుకి మార్చి, సీనియరు పక్కన కూర్చోబెట్టి, నేను చెడగొట్టింది నా చేతే బాగుచేయిస్తున్నారు. ఇప్పుడు గడువు తీరినా విన్న అక్షరాలు పారెయ్యదు, దాచుకుని మిగిలినవి వచ్చాక అతికించుకుంటుంది. వాక్యం అర్థం కాకపోతే గీతలే చూపిస్తుంది. నిమిషంపాటు ఏ వాక్యమూ అందకపోతే చెవులు చిల్లులు పడేలా అరుస్తుంది. ఇంజనీరుగారు ఈసారి గీతల్ని ఏమీ అనలేదు.

ఒక్క ప్రశ్న మామయ్యా, జవాబివ్వకపోయినా ఫరవాలేదు. నేను చెప్పింది రెండూ పదికి. సైరను మోగింది రెండూ ఇరవైకి. నువ్వు ముందే మెట్లు దిగి చూసుకుని, నీ అంతట నువ్వే తిప్పి ఉంటే, నేను ఊరికే నీ పరువు తీసినట్టు. అదే అయ్యుంటే బాగుండునని ఒక పూట అనుకుంటాను, కాకపోతేనే బాగుండునని ఇంకో పూట అనుకుంటాను. అత్త ఉత్తరం అందినప్పటినుంచీ ఇదే.

పిచ్చుక


ఇల్లు, పల్లపు వీధి,
సెప్టెంబరు 20

ఒసేయ్ పిచ్చుకా,

కుడికన్ను ఆపరేషనైంది. పోయిన శుక్రవారం కట్టు విప్పారు. మొట్టమొదట మీ అత్త మొహం కనిపించింది. "ఏమిటే, ఇంత ముసలిదానివయ్యావు" అన్నాను. అప్పటిదాకా నేను ఆవిడతో పలకలేదు, ఆ మాట తర్వాత ఆవిడ నాతో పలకడం లేదు. చెల్లుకి చెల్లు.

ఇల్లు ఆరింది. గోడ మీద నీళ్ళ గీత కిటికీ పై అంచు దాకా ఉంది. మీ అత్త మిషను ముందు కూర్చుంటే ఆ గీత సరిగ్గా ఆవిడ తల మీదుగా పోతుంది. రోజూ చూస్తున్నాను. అందుకే ఇవాళ జవాబు రాస్తున్నాను.

ఆ రోజు ఒంటిగంటకి దిగానే. గోడ పట్టుకుని, వానలో, లెక్కపెట్టుకుంటూ. పదో మెట్టు మీద కాలు పెడితే నీళ్ళు. ఇంకొక్క మెట్టు మునిగితే సైరను మోగాలి. పైకొచ్చి చూస్తే నీ స్క్రీను 5.14 అంటోంది. అంటే పద్దెనిమిదో మెట్టు. నా కాలొకటి చెబుతోంది, నీ అంకె ఒకటి చెబుతోంది.

గోనెపట్టా తీశాను. పిడి మీద చెయ్యి కూడా వేశాను. అప్పుడు భయమేసింది. కళ్ళెలాగూ పోయాయి, లెక్క కూడా తప్పానేమో అనుకున్నాను. ఊరికే సైరను మోగిస్తే నలుగురూ వస్తారు, ఏదీ కొలబద్ద చదవమంటారు, అంతటితో నా బండారం బయటపడుతుంది. ఇంకోటి కూడా అనుకున్నాను, అది నీకు చెప్పకూడదని ఇన్నాళ్ళూ బిగబట్టుకున్నాను. మా పిచ్చుక రాసింది తప్పవుతుందా, తప్పితే నా కాలే తప్పి ఉంటుంది అనుకున్నాను. చెయ్యి తీసేశాను. తడిసిన కాళ్ళతో, నీ అంకెని చూస్తూ, గంటసేపు కుర్చీలో కూర్చున్నాను. కింద మీ అత్త కాలరు కుడుతోంది.

అప్పుడు వైర్‌లెస్ పలికింది. అంకె చెప్పబోయాను. ఇంజనీరుగారు ఆపేశారు. "స్క్రీను చూడొద్దు, పుస్తకం చూడొద్దు. మెట్లు దిగండి. మీ కాలు ఎక్కడ తడిసిందో అది చెప్పండి" అన్నారు. ఇరవై ఏడేళ్ళలో నా కాలిని అడిగిన ఆఫీసరు ఆయనొక్కడే. దిగాను. వచ్చి "ఎనిమిదో మెట్టు సార్" అన్నాను. "తిప్పండి" అన్నారు.

కాబట్టి నా అంతట నేను తిప్పలేదు. నువ్వు చెప్పకపోతే ఇంకో గంట కూర్చునేవాణ్ణి. నువ్వు నా పరువు తీశావు, మీ అత్తని పైకి తీశావు. కోపం ఎందుకొచ్చిందంటావా, ఆ గంట గుర్తొచ్చి వచ్చింది. నీ మీద చూపించడం తేలిక కాబట్టి నీ మీద చూపించాను.

కొత్త లస్కరు వచ్చాడు. బుద్ధిమంతుడే, కానీ స్క్రీను కేసే చూస్తుంటాడు. ఇంజనీరుగారు నన్ను వారానికి రెండు పూటలు రమ్మన్నారు, వాడికి మెట్లు నేర్పడానికి. కళ్ళకి గుడ్డ కట్టి దింపుతున్నాను. పుస్తకంలో ఇప్పుడు మెట్టు కోసం ఒక గడి కొట్టించాను. ఆ గడి నింపేదాకా స్క్రీను మీద గుడ్డ తియ్యకూడదు. గుడ్డ మీ అత్త కుట్టింది.

నీ పదకొండు కాగితాల ఉత్తరం అత్త అప్పుడే చదివి వినిపించింది. నిన్న ట్రంకుపెట్టె అడుగు నుంచి తీసి నేనే చదువుకున్నాను, ఒక్కణ్ణే. ఒక్కో అక్షరం గుమ్మడికాయంత ఉందే! పేజీకి నాలుగు వరసలు, చెయ్యి ఎంత నొప్పి పుట్టిందో ఏమో.

ఇకమీదట మామూలు అక్షరాలతోనే రాయి. కనిపిస్తాయి.

మామయ్య